తాతయ్యను చెట్టు మొదట్లో నిలబెట్టకండి

వేసవి సెలవులకు నూజివీడు దగ్గర మీ ఊరొచ్చారు. తోటలోకి వెళ్ళారు. తాతయ్య నాటిన బంగినపల్లి చెట్టు, దాని మొదట్లో తాతయ్య. ఫోన్ ఎత్తారు. చెట్టు మొత్తం పడటం లేదు. వెనక్కి జరిగారు. ఇంకా పడలేదు, ఇంకా జరిగారు. చెట్టు పూర్తిగా పట్టేసరికి తాతయ్య అగ్గిపుల్లంత అయిపోయారు. సాయంత్రం ఆయనకే చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని అడుగుతారు: “ఇందులో నేనెక్కడున్నానురా?”

మంచి ప్రశ్నే. మీ ఫోన్‌లో ఉన్న వందల ఫోటోలు ఈ ప్రశ్న దగ్గరే దెబ్బతింటున్నాయి. కెమెరా పాతదైనందుకు కాదు. లక్ష రూపాయల ఫోన్ కొన్నా తాతయ్య అక్కడే నిలబడితే అంతే చిన్నగా పడతారు. అసలు మనిషినో, కాయనో, వస్తువునో చట్రంలో ఎక్కడ పెట్టాలి? మధ్యలోనా? పక్కనా? పైనా, కిందా?

దీనికి చాలామంది విన్న సలహా ఒకటుంది. తెరను నిలువుగా మూడు భాగాలు, అడ్డంగా మూడు భాగాలు చేయండి, గీతలు కలిసే నాలుగు చోట్లలో ఒకచోట ముఖ్యమైనదాన్ని పెట్టండి అని. ఈ మూడో వంతు సూత్రానికి ఆ పేరు పెట్టి పుస్తకంలోకి ఎక్కించినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు, 1797లో. అప్పటికి ఫోటో అనేదే పుట్టలేదు. ఆయన రాసింది పల్లెటూరి దృశ్యాల బొమ్మల గురించి, వెలుగునూ నీడనూ ఎంతెంత పాళ్ళలో పంచాలన్న దాని గురించి. సూత్రం మంచిదే, కాదనను. కానీ ఆ నాలుగు చోట్లలో ఏ చోటు? ఎడమా, కుడా? ఆ సంగతి సూత్రం చెప్పదు. అందుకే గీతలు పెట్టుకుని తీసినా మన ఫోటోలు చాలాసార్లు తేలిపోతుంటాయి.

నా సలహా దీనికి తిరగేసి ఉంటుంది. మనిషిని ఎక్కడ పెట్టాలో వెతకొద్దు. ఖాళీ ఎటు కావాలో చూడండి. అతను ఎటు చూస్తున్నాడు, ఎటు నడుస్తున్నాడు, చెయ్యి ఎటు చాస్తున్నాడు? ఆ వైపు ఖాళీ వదలండి. మనిషి చోటు దానంతటదే తేలుతుంది.

ఇది మామిడి తోటలో నేర్చుకోవడం మేలు. తోటలో అంతా ఒకే పచ్చ. ఎటు చూసినా ఆకులు, కొమ్మలు, ఎండ మచ్చలు. మనిషి అందులో ఇట్టే కలిసిపోతాడు. ఇక్కడ మనిషిని విడిగా నిలబెట్టడం వచ్చినవాళ్ళకు పెళ్ళి మండపం పెద్ద పనేం కాదు.

1. ఫోన్ ఎత్తే ముందు ఒక వాక్యం చెప్పుకోండి

“ఈ ఫోటో దేని గురించి?” అని మిమ్మల్ని మీరు అడగండి. “మామిడి తోట గురించి” అనేది జవాబు కాదు. “నాన్న కాయ కోస్తున్నాడు” అనేది జవాబు. “ఈ కాయ మీద మచ్చ లేదు”, “ఈ ఏడు పూత విరగబూసింది” ఇవీ జవాబులే. వాక్యం దొరికితే ఏది పెద్దగా పడాలో, ఏది చిన్నగా పడినా నష్టం లేదో తెలిసిపోతుంది.

సీజన్‌లో విజయవాడ పక్కన నున్న మామిడి మార్కెట్‌కి వెళ్ళినవాళ్ళు ఏం తీస్తారు? గుట్టలు. కాయల గుట్టలు, ట్రేల వరుసలు, లారీలు. అక్కడ నిలబడి చూస్తే కళ్ళు చాలవు. ఫోటోలో చూస్తే మాత్రం కంటికి ఆనడానికి ఒక్క చోటు దొరకదు. అదే గుట్ట ముందు ఒక వ్యాపారి కాయను చేతిలోకి తీసుకుని, తిప్పి తొడిమ దగ్గర చూస్తున్నాడనుకోండి. ఆ చెయ్యే మీ ఫోటో. గుట్ట వెనక ఉండనివ్వండి, సగం మసకగా ఉన్నా సరే.

2. తాతయ్యను ముందుకు పిలవండి

మొదటి సమస్యకే వద్దాం. చెట్టూ కావాలి, మనిషీ కావాలి. అందరూ చేసే పొరపాటు ఇద్దర్నీ ఒకేచోట పెట్టి తాము వెనక్కి వెళ్ళడం.

లెక్క చూడండి. చెట్టు 30 అడుగుల ఎత్తు. మీరు దానికి 50 అడుగుల దూరంలో ఉన్నారు. తాతయ్య ఎత్తు అయిదున్నర అడుగులు. ఆయన చెట్టు మొదట్లో ఉంటే ఫోటోలో చెట్టు ఎత్తులో అయిదో వంతు కూడా ఉండరు. ఇప్పుడు ఆయన్ని మీకు పది అడుగుల దూరానికి పిలవండి. మీరు కదలొద్దు. చెట్టు ఎలాగూ కదలదు. ఇప్పుడు ఫోటోలో తాతయ్య ఇంచుమించు చెట్టంత! పైసా ఖర్చు లేదు, నలభై అడుగుల నడక తప్ప. ఆ నడక కూడా ఆయనదే.

ఫోన్ నిలువుగా పట్టుకోండి. ఆయన్ని ఎడమవైపు మూడో వంతులోకి తెచ్చి, చెట్టుకు కుడివైపు వదిలేయండి. ఆయన మొహం కొంచెం చెట్టు వైపు తిరిగి ఉంటే ఇంకా మంచిది. అప్పుడు ఆ రెండింటికీ ఏదో సంబంధం ఉందని చూసేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెర మీద ఆయన మొహాన్ని ఒకసారి తాకండి, ఫోకస్ అక్కడ పడుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ఆపేయండి. అది చెట్టును మసక చేసి పారేస్తుంది. ఈ ఫోటోలో చెట్టు కూడా ఒక పాత్రే కదా.

ఇంకా దగ్గరికొస్తే కాళ్ళు పడవు. ఫర్వాలేదు. కాకపోతే ఎక్కడ తెగుతుందో చూసుకోండి. మోకాళ్ళ దగ్గర, చీలమండల దగ్గర, మణికట్టు దగ్గర తెగితే చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. తొడ మధ్యలోనో, నడుము పైనో తెగితే ఎవరూ పట్టించుకోరు.

3. చూపుకీ, చేతికీ దారి ఇవ్వండి

కోత ఫోటో తీయాలని అందరికీ సరదా. దోటి పట్టుకున్న మనిషి, దోటి చివర చిక్కం, దాని పైన కాయ. మామూలుగా ఏం జరుగుతుంది? మనిషి మొహాన్ని సరిగ్గా మధ్యలో పెడతాం. పైన చిక్కం తెగిపోతుంది. ఇక ఫోటోలో మిగిలేది పైకి చూస్తూ కర్ర పట్టుకున్న మనిషి. ఎందుకు చూస్తున్నాడో, ఏం చేస్తున్నాడో తెలియదు.

కోతను ఒక నిమిషం ఊరికే గమనించండి. చిక్కం కాయ కిందికి వెళుతుంది. కాయ వలలోకి దిగుతుంది. అంచు తొడిమకు తగులుతుంది. కోసేవాడి మెడ అప్పటికే పూర్తిగా వెనక్కి వాలి ఉంటుంది, కళ్ళు చికిలిస్తాడు, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పట్టు బిగుస్తాయి. తరవాత ఒక్క లాగు. మీకు కావలసింది ఆ లాగుకు ముందు అరక్షణం. కాయ పడ్డాక దోటి కిందికి వాలిపోతుంది, బిగువు పోతుంది.

కాబట్టి ముందే చట్రం సిద్ధం చేసుకోండి. మనిషి కింద ఎడమ మూల. కాయ పైన కుడి మూల. ఆ రెండిటి మధ్య ఏటవాలుగా దోటి. మధ్యలో ఏముంటుంది? ఏమీ ఉండదు, ఆకులూ కాస్త ఆకాశం. కంటికి మనిషి నుంచి కాయ దాకా వెళ్ళే దారి ఆ ఖాళీయే. మనిషి వెనక ఇంకో చెట్టు మొద్దు అడ్డం వస్తే మీరు రెండడుగులు పక్కకు జరగండి. పనిలో ఉన్నవాళ్ళను “అన్నా, కొంచెం ఇటు జరగవా” అని ఇబ్బంది పెట్టకండి. ఒకసారి ఆపి మళ్ళీ చేయమంటే ఆ మెడ వంపు మళ్ళీ రాదు.

ట్రేలు వేసుకుని వచ్చే ట్రాక్టర్‌కీ ఇదే వర్తిస్తుంది. బండి ముందు దారి కనిపించాలి. బండి ముక్కు చట్రం అంచుకు తగిలితే గోడకు గుద్దుకున్నట్టే ఉంటుంది. ఇక ఒక్క మొహమే తీస్తున్నప్పుడు కళ్ళు పై మూడో వంతు గీత మీద ఉండేలా చూసుకోండి. తల పైన జానెడు ఖాళీ వదిలేసి భుజాల దగ్గర కోసేయడం మన ఇళ్ళల్లో అతి మామూలు పొరపాటు. ఫోకస్ కోసం మొహాన్ని తెర నట్టనడుమకు తెచ్చి, అక్కడే బటన్ నొక్కేయడం వల్ల ఇలా అవుతుంది.

4. కాయ ఒక్కటే అయితే

మీరు తోట నుంచి నేరుగా కాయలు అమ్ముతున్నారా? హైదరాబాద్‌కో బెంగళూరుకో పెట్టెలు పంపిస్తున్నారా? అయితే ఈ భాగం రెండుసార్లు చదవండి. కొనేవాడు ముందు చూసేది మీ వాట్సాప్ ఫోటోనే.

అన్ని రకాలనూ ఒకేలా తీయకూడదు. బంగినపల్లి అందం చర్మంలో ఉంది. నున్నగా, పసుపుగా, మచ్చ లేకుండా. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కాయ అది, ఒక్కటే పెద్దగా చట్రం నింపేసినా చెల్లుతుంది. పక్కన ఒక ముక్క కోసి పెడితే లోపలి కండ కూడా కనిపిస్తుంది. చిన్నరసం సంగతి వేరు. దాన్ని ముక్కలు కోసుకుని ఎవరు తింటారు? మెత్తగా పిసికి జుర్రుకోవాలి. కాబట్టి చిన్నరసం ఫోటోలో చెయ్యి ఉండాలి, కాయను చుట్టుకున్న వేళ్ళు కనిపించాలి. కలెక్టర్ కాయకు కింద కోసుగా ముక్కు ఉంటుంది, అటువైపు ఖాళీ వదలండి. మనిషి ఎటో చూసినట్టే కాయ ముక్కూ ఎటో చూడాలి.

చెట్టు మీద వేలాడే కాయను చట్రం పై భాగంలో పెట్టి, కింద ఖాళీ ఉంచండి. వేలాడుతోందని కంటికి తెలియాలంటే కింద గాలి ఉండాలి. తొడిమను తెగనివ్వకండి. కోసిన కాయకు కూడా కాస్త తొడిమ ఉంచి తీయండి. సొన కారితే చర్మం మీద చారలు పడి నల్లబడుతుందని, తొడిమతో కోయడమే పద్ధతని తెలిసిన కొనుగోలుదారు మొదట చూసేది అక్కడే.

పెట్టె ఫోటో అంటే అందరూ పైనుంచి నిలువునా తీస్తారు. కాయ సైజు ఎవరికీ అర్థం కాదు. ఒక కాయను చేతిలో పట్టుకుని ముందు, కింది భాగంలో ఉంచండి. పెట్టె వెనక ఉండాలి. చెయ్యిని బట్టి సైజు తెలుస్తుంది. అలాగని కాయను మరీ కెమెరా మీదికి తోస్తే ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. పెట్టె తెరిచాక కొన్నవాళ్ళు మీకు ఫోన్ చేసి ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు. రకం పేరు, ధర రాసుకోవడానికి ఖాళీ పై భాగంలో వదలండి. స్టేటస్‌లో కింది అంచును జవాబు రాసే పెట్టె తినేస్తుంది.

5. వరుసల్ని వాడుకోండి

పాత తోటల్లో చెట్లు చదరంగా, ఒక్కోదానికి ముప్పై అడుగులకు పైగా ఎడంతో వరసగా ఉంటాయి. సరిగ్గా రెండు వరుసల మధ్య నిలబడి చూస్తే రెండు పక్కలా చెట్లు దగ్గరపడుతూ పోయి ఒక చోట కలిసినట్టు కనిపిస్తాయి. అక్కడ నిలబడ్డ మనిషి ఎంత చిన్నగా ఉన్నా కన్ను నేరుగా అతని మీదికే పోతుంది. ఇక్కడ మూడో వంతు గీతలు మరిచిపోండి, మనిషి మధ్యలోనే ఉండాలి.

అదే మీరు పక్కకు జరిగి ఒక వరుసను ఏటవాలుగా చూశారనుకోండి. అప్పుడు మధ్య పనికిరాదు. వరుస ఎటు పోతోందో అటు ఖాళీ ఉంచి, మనిషిని దగ్గరి చివర పక్కకు పెట్టాలి. ఒకే తోట, ఒకే మనిషి. మీరు నాలుగడుగులు వేస్తే అతని చోటు మారిపోయింది.

ఆకాశం ఎంత ఉండాలన్నది కూడా కాలాన్ని బట్టి చూసుకోవాలి. జనవరిలో పూత కోసం వెళితే ముఖ్యమైనదంతా చెట్టు తలపైనే ఉంటుంది, నేలకు మూడో వంతు చాలు. మే నెలలో బరువుకు వంగిన కొమ్మలు చేతికందేలా వేలాడతాయి. అప్పుడు తెల్లగా మండే ఆకాశంతో పనేముంది? దాన్ని బయటికి నెట్టేయండి.

6. మధ్యలో పెట్టడం నేరమా?

కాదు. గీతల సూత్రం నేర్చుకున్న కొత్తలో కుర్రాళ్ళు ప్రతి మనిషినీ పక్కకు నెట్టేస్తుంటారు. ఎందుకు పక్కకు పెట్టావంటే “అలాగే పెట్టాలంట” అంటారు. అవతలి వైపు ఖాళీలో ఏ పనీ లేకపోతే ఆ ఖాళీ దండగ.

ఎదురుగా, తిన్నగా మన కళ్ళలోకి చూసే మనిషికి మధ్యే సరైన చోటు. 1918లో ఈ నూజివీడులోనే పుట్టిన ఎస్వీ రంగారావునే తీసుకోండి. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. పెళ్ళివారి వంటకాల ముందు కూర్చున్న ఘటోత్కచుడిగా ఆయన తెరను ఎలా నింపేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ విగ్రహాన్ని ఓ మూలకు నెడితే ఆ దర్జా మిగులుతుందా? హుందాతనం, ఠీవి చూపించాలంటే మధ్యలో పెట్టండి. కోటల ముఖద్వారాలు, గుడి గోపురాలు, పెళ్ళి పీటల మీద జంట, ఇవన్నీ ఆ కోవలోవే. వాట్సాప్ డీపీ కూడా. అది గుండ్రంగా కత్తిరిస్తుంది కాబట్టి మూలల్లో ఉన్నవాళ్ళు ఎగిరిపోతారు.

నూజివీడు వీణలు తయారుచేసే ఊరు కూడా. పనస చెక్కతో చెక్కుతారు. ఆ పని చూడ్డానికి వెళితే మధ్యా, పక్కా రెండూ ఒకేసారి పరీక్షకు వస్తాయి. వీణకు ఒక చివర పెద్ద కుండ, ఇంకో చివర యాళి తల, మధ్య పొడుగాటి దండి. మొత్తం పట్టాలని అడ్డంగా తీస్తే పైనా కిందా బోలెడంత ఖాళీ, చేసేవాడు కనపడడు. వీణను ఏటవాలుగా రానిచ్చి, కుండను మీకు దగ్గరగా, పనివాడి చేతుల్నీ మొహాన్నీ పై మూడో వంతులో పెట్టండి. యాళి తల కొంచెం తెగినా ఏం కాదు. అది వీణ ప్రకటన అయితే మాత్రం తెగకూడదు. అందుకే మొదటి సూచనలో వాక్యం చెప్పుకోమన్నాను.

7. గుంపు ఫోటోలో అంచులు చూడండి

తోటకి చుట్టాలొచ్చారు, పదిహేనుమంది. అందరూ పట్టడం లేదని 0.5 నొక్కుతాం. ఎక్కువ వెడల్పు పట్టే ఆ లెన్స్ అంచుల్లో ఉన్నవాళ్ళను సాగదీస్తుంది. చివర్న నిలబడ్డ పిన్ని మొహం వెడల్పయి, అది చూసి ఆవిడ నెల్లాళ్ళు మీతో మాట్లాడరు. మామూలు లెన్స్‌తోనే ఉండి, మీరు వెనక్కి వెళ్ళండి. తోటలో చోటుకేం కొదవ? పిల్లల్ని ముందు కూర్చోబెట్టి రెండు వరుసలు చేయండి. చివరివాళ్ళకూ అంచుకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంచండి.

8. తల వెనక ఏముంది?

నొక్కే ముందు ఆఖరి చూపు ఇక్కడ. నెత్తిలోంచి కొమ్మ మొలిచినట్టు, చెవిలోంచి కరెంటు తీగ వచ్చినట్టు ఉన్న ఫోటోలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? ఒక అడుగు పక్కకు వేస్తే పోయేవే అన్నీ. మొహం వెనక నీడగా ఉన్న ఆకుల గుబురు వచ్చేలా చూసుకోండి. ఎండ మచ్చ మొహం మీద కన్నా వెనకాల పడితే ఇంకా చెడ్డది, కన్ను ముందు దాని మీదికే పోతుంది.

“ఇవన్నీ ఆలోచించేలోపు క్షణం దాటిపోదా?” అంటారా? దాటిపోతుంది, మనిషి వెంట పరిగెడితే. అందుకే ముందు చోటు చూసుకోండి. వెనకాల శుభ్రంగా ఉన్న చోటు, మనిషి వస్తే ఎటు ఖాళీ ఉండాలో తెలిసిన చోటు. అక్కడ ఫోన్ పట్టుకుని నిలబడితే మోసేవాళ్ళు ట్రేలతో ఆ దారినే పదిసార్లు వస్తారు. కోత రోజున తోటలో ఒకే పని రోజంతా జరుగుతుంది, రెండో అవకాశం తప్పకుండా దొరుకుతుంది.

తర్వాత కత్తిరించుకోవచ్చు కదా అనే ధీమా కొంతవరకే. ఎక్కువైన ఖాళీని తీసేయవచ్చు గాని, మీరు తీయని ఖాళీ ఎక్కణ్ణుంచి వస్తుంది? అనుమానంగా ఉంటే కొంచెం వదులుగానే తీయండి.

ఇప్పుడే మీ ఫోన్ కెమెరా సెట్టింగుల్లోకి వెళ్ళి గ్రిడ్ అనేది ఆన్ చేసుకోండి. ఈసారి తోటకి వెళ్ళినప్పుడు ఒకే మనిషిని మూడు చోట్ల పెట్టి తీయండి: మధ్యలో ఒకటి, చూపు ముందు ఖాళీతో ఒకటి, చూపు వెనక ఖాళీతో ఒకటి. మూడూ ఇంట్లోవాళ్ళకు చూపించి ఏది బాగుందో అడగండి, ఎందుకని మాత్రం అడగొద్దు. వాళ్ళు వేలు పెట్టినదాన్ని ఉంచుకుని మిగతా రెండూ అప్పుడే తీసేయండి.